మగ్గం గుంటలో మూరెడు చిట్టెం

నేను కాపురానికి వచ్చిన ఇంట్లో నాతో నేరుగా మాట్లాడని మనిషి ఒక్కరే ఉండేవారు, మా మామ. కోపం వల్ల కాదు, వాడుక వల్ల. మామ కోడలితో ముఖాముఖి మాట్లాడకూడదు, కోడలు మామ ఎదుట నిలబడకూడదు. నాకు చెప్పాల్సిందేమైనా ఉంటే ఆయన మా అత్తతో చెప్పేవారు. అత్త ఇంట్లో లేకపోతే మగ్గం పక్కనున్న వేప గుంజతో చెప్పేవారు. "కండెలు అయిపోయినయ్" అని గుంజకు చెబితే, వెనక అర్రలో రాట్నం ముందు కూర్చున్న నేను నూలు చుట్టిన కండెలు తెచ్చి గడప మీద పెట్టి వెళ్ళేదాన్ని. మూడేళ్ళు మా ఇద్దరి మాటలనూ ఆ గుంజే మోసింది.

వరంగల్లో మా వాడ పల్లంలో ఉండేది. ఎండాకాలమంతా బాగానే గడిచేది గానీ, వానలు మొదలయ్యాయంటే మాకు నీళ్ళు పైనుంచి కాదు, కిందినుంచి వచ్చేవి. గుంట మగ్గం చూడని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఇంట్లో నేలలోనే నడుం లోతు గుంట తవ్వి ఉంటుంది. నేసే మనిషి దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటాడు. తొక్కినప్పుడల్లా పడుగు పోగులు పైకీ కిందికీ విడిపోతాయి, మధ్యలోంచి పేక పోగును మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతుంది. పొద్దున కూర్చున్న మనిషి కాళ్ళు పొద్దుగూకే దాకా ఆ గుంటలోనే. మా ఇంట్లో ఆషాఢం రాగానే గుంట గోడలు చెమర్చేవి. శ్రావణానికి అడుగున చీలమండల దాకా నీళ్ళు ఊరేవి. నేనూ అత్తా పొద్దున్నే చెంబులతో తోడి పోస్తే మధ్యాహ్నానికి మళ్ళీ అన్నే ఊరేవి. ఆ చెమ్మలో ముప్ఫై ఏళ్ళు కాళ్ళు పెట్టి కూర్చున్నారు మామ.

ఆ ఏడు మాఘంలో ఆయన మోకాళ్ళు వాచాయి. గుంటలోంచి పైకి రావాలంటే రెండు చేతులూ నేలకు ఆనించి, అత్త వెనకనుంచి చంకల కింద పట్టుకుని లాగితే తప్ప లేవలేకపోయేవారు. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు ఏదో నూనె రాసిచ్చి, వానాకాలం చెమ్మలో కాళ్ళు పెడితే ఇక నడక కూడా ఉండదన్నాడట. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నారు. కలిపిన ముద్ద పళ్ళెంలోనే ఉంచి, ఎవరినీ చూడకుండా అన్నారు.

"ఈ పడుగు అయిపోయినంక గుంట పూడ్చేస్త."

అత్త చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. నేత ఇంట్లో గుంట పూడ్చడమంటే మామూలు మాట కాదు. నేసే మనిషి పోయి, ఆ చోట కూర్చునే వాళ్ళు ఇంకెవరూ లేనప్పుడే పూడుస్తారు. బతికున్న మనిషి తన గుంట తానే పూడ్చుకుంటానంటే వినేవాళ్ళకు ఎట్లా ఉంటుంది? అందులోనూ ఆ చోట కూర్చునే వాళ్ళు నిజంగానే లేరు. ఉన్న ఒక్క కొడుకు, అంటే మా ఇంటాయన, బట్టల మిల్లుకు పోతున్నాడు. అక్కడ బొయిలర్ల కింద బొగ్గు ఎగదోసి, బూడిద లాగే పని. మిల్లు గుడ్డ వచ్చి మా నేత గుడ్డను అడిగేవాళ్ళు లేకుండా చేసిందని మామకు దాని పేరెత్తితేనే గిట్టేది కాదు. కొడుకు ఇంట్లో లేనప్పుడు అడిగితే "పొగ గొట్టం కాడికి పోయిండు" అనేవారు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చిన్నప్పటి నుంచీ నాకు ఏడవాల్సిన చోట కోపమే వస్తుంది. మా అమ్మగారిల్లు ధర్మసాగర్ దిక్కు. మాదీ నేత ఇల్లే. ఏ ఇంటి ముందు నుంచి పోయినా మగ్గం చప్పుడు వింటే, లోపల ఎంత చేయి తిరిగిన మనిషి కూర్చున్నాడో చెప్పగలను. మామ మగ్గం చప్పుడులో ఎక్కడా తడబాటు ఉండేది కాదు. చేతులు అంత బాగున్న మనిషి మోకాళ్ళ పాపానికి గడప మీద కూర్చుని ఈగలు తోలుకోవాలా అని లోపలే ఉడికిపోయాను.

దారి కనిపించింది మాత్రం ఆ పొగ గొట్టం దగ్గరే. మిల్లు ప్రహరీ వెనక బూడిద గుట్ట ఉండేది. పొయ్యిలో పెట్టుకోవడానికి సగం కాలిన బొగ్గులు ఏరుకోవడానికి వాడ ఆడవాళ్ళమంతా తట్టలు పట్టుకుని పోయేవాళ్ళం. పూర్తిగా కాలిపోయి గడ్డకట్టి, ఒళ్ళంతా చిల్లులుగా మిగిలిన దాన్ని చిట్టెం అనేవాళ్ళం. అది ఎవరికీ పనికొచ్చేది కాదు. ఒకరోజు బొగ్గుల కోసం గుట్ట అంచున కాలితో తవ్వబోతే వేలు చితికినంత పనయింది. చూద్దును కదా, అక్కడ చిట్టెమంతా కలిసి ఒకే పలకలా గట్టిపడి ఉంది. ముందటేడు మిల్లు గోడలకు వెల్ల వేసినవాళ్ళు సున్నం బానలు అక్కడే కడిగి పారబోశారని పక్కామె చెప్పింది. దాని మీద ఒక వానాకాలం గడిచింది. అయినా మట్టిలాగా కరగలేదు, నేనెక్కి దూకినా పగల్లేదు. పైన నీళ్ళు పోస్తే చిల్లుల్లోంచి కిందికి దిగిపోయాయి. బొగ్గుల సంగతి మరిచిపోయి ఖాళీ తట్టతో ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రం అత్తకు చెప్పాను. గుంట అడుగున మూరెడు ఎత్తు ఉత్త చిట్టెం పోసి, చుట్టూ చిట్టెం, సున్నం కలిపి పోసిన ఇటుకలు పేర్చి, మగ్గాన్ని కూడా ఆ మూరెడూ పైకెత్తితే మామ కాళ్ళు చెమ్మకు అందవు కదా అని. అత్తకు సగమే అర్థమైంది గానీ ఆశ మాత్రం పూర్తిగా పుట్టింది. పోయి మామకు చెప్పింది. జవాబు నాకు వెనక అర్రలోకే వినిపించింది.

"మా బతుకు కాల్చుకతిన్న మిల్లు అది. అది పారేసిన బూడిదల నా కాళ్ళు వెట్టాల్నా?"

అంతటితో ఆ మాట ముగిసిందని ఆయన అనుకున్నారు. నేను అనుకోలేదు. ఆయన గడువు పెట్టింది పడుగు అయిపోయే దాకా కదా. పడుగు అయిపోవాలంటే పేక కావాలి, పేకకు కండెలు కావాలి, కండెలు చుట్టేది నేను. ఆ రోజు నుంచి నా రాట్నానికి ఎక్కడలేని రోగాలూ వచ్చాయి. ఒకనాడు తాడు తెగేది, ఒకనాడు నూలు చిక్కుపడేది. పొద్దునకు ఆరు కండెలు చుట్టే దాన్ని మూడింటితో సరిపెట్టేదాన్ని. గుంజ అడిగితే "చిక్కు వడ్డది అత్తా" అని ఇంట్లో లేని అత్తకు గట్టిగా చెప్పేదాన్ని. ఇంత తెలివి నాకే ఉందని మురిసిపోయాను.

ఇటుకలు పోయడానికని చెప్పకుండా, అచ్చు ఒకటి కావాలని మాత్రం మా ఇంటాయనకు చెప్పాను. మా ఇంట్లో అచ్చు అంటే మగ్గం మీద పోగులను వరసగా పట్టి ఉంచేదే. రెండోనాడు మిల్లు నుంచి వస్తూ ఆ మనిషి ఎవరి దగ్గరో పాత మగ్గం అచ్చు అడిగి భుజాన వేసుకొచ్చాడు. ఉన్న అచ్చు మంచిగానే ఉంది కదా, ఇదెందుకని నన్నే అడిగాడు. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. చివరికి విరిగిన పెట్టె చెక్కలు నాలుగు కలిపి, అడుగు లేని పెట్టెలాగా కొట్టించుకున్నాను. జానెడు వెడల్పు, మూరెడు పొడవు. సున్నం భట్టి దగ్గర ఒక తువ్వాల ఇచ్చి బుట్టెడు సున్నం తెచ్చుకున్నాం. చిట్టెం ఎంత మోసుకుపోతే మిల్లు వాళ్ళకు అంత చోటు కలిసొస్తుంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. సిమెంటు అనే మాట విన్నామే గానీ మా వాడలో దాన్ని చేత్తో పట్టుకున్న వాళ్ళు లేరు.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. చిట్టెం దంచాను, సున్నం కలిపాను, నీళ్ళు పొయ్యబోయి ఆగాను. ఉత్త నీళ్ళతో గట్టిదనం ఎక్కడినుంచి వస్తుంది? పుట్టినప్పటి నుంచీ నేను చూసిందొక్కటే. మెత్తటి పోగు గట్టిపడాలంటే గంజి పెట్టాలి, పెట్టి ఎర్రటి ఎండలో ఆరబెట్టాలి. పడుగులకు గంజి పెట్టడంలో నా చేయి మంచిదని వాడంతా అనేది. అందుకని చిక్కటి జొన్న గంజి కాచి, తనివితీరా కలిపి, ముప్ఫై ఇటుకలు పోసి, వాకిట్లో నడి ఎండలో వరసగా పేర్చాను. రెండు రోజుల్లో పైకి రాయిలాగా అయ్యాయి. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

మూడో రోజుకు వాడలో ఉన్న చీమలన్నీ మా వాకిట్లోనే ఉన్నాయి. నాలుగో రోజు పక్కింటి మేకలు తాడు తెంపుకుని వచ్చి ఇటుకలు నాకడం మొదలుపెట్టాయి. తోలితే పోయి మళ్ళీ వచ్చేవి. పులిసిన గంజి వాసనకు అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పట్టుదలగా ఒక ఇటుక తీసి మరో దాని మీద పెట్టబోతే అది చేతిలోనే రెండు ముక్కలైంది. రెండోది మూడయింది. లోపలంతా పిండి. ముక్కలు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉండగా ఇంట్లోంచి ఒక చప్పుడు వినిపించింది. మామ నవ్వుతున్నారు. కాపురానికి వచ్చాక ఆయన నవ్వు వినడం అదే మొదలు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక గుంజతో మాట్లాడారు.

"ఇటుకకు గంజి వెట్టి ఎండేసిండ్రు, చీర అనుకున్నరు. సున్నం ఎండితె గట్టివడదు. తడిల ఉంటెనే గట్టివడ్తది. నీడకు వెట్టి నానవెట్టాలె. గంజి గాదు, కరక్కాయ నీళ్ళు వొయ్యాలె."

నాకు సిగ్గు వేసింది, దాంతోపాటు ఒళ్ళు మండింది, ఆ రెండింటి కిందా సంతోషం కూడా వేసింది. గుంట పూడుస్తానన్న నాటి నుంచీ అన్ని మాటలు ఒక్కసారిగా ఆయన మాట్లాడింది లేదు. పడుచుతనంలో ఒక ఎండాకాలమంతా మేస్త్రీల దగ్గర సున్నం దంచే పనికి పోయారట. అత్త తర్వాత చెప్పింది. కరక్కాయలకు మాకు కొదవ లేదు. రంగు నూలుకు బాగా పట్టాలంటే కరక్కాయ కావాలి, ఏటూరునాగారం అడవి నుంచి వచ్చేవి ఇంట్లో సంచిలో ఎప్పుడూ ఉండేవి. అవి దంచి రాత్రంతా నానేసి, ఆ నీళ్ళతో మళ్ళీ కలిపాను. ఈసారి గుంటకు చాలినన్ని ఇటుకలు పోసి, పందిరి నీడలో పెట్టి తడి గోనెలు కప్పాను.

మామ పని చెడిపోతుంటే చూసి ఊరుకోలేని మనిషి. అదే మమ్మల్ని కాపాడింది. మిల్లు బూడిద మీద ఎంత కోపమున్నా, గోనె ఆరిపోతే ఆయనకు కూర్చున్న చోట కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. గోనె ఆరిందని గుంజకు చెప్పేవారు. అది చాలక గోడ పట్టుకుని వచ్చి తానే చెంబుతో నీళ్ళు చల్లేవారు. నెల గడిచాక ఒక్కో ఇటుకనూ నాడె మొనతో తట్టి చెవి పెట్టి వినేవారు. ఠంగుమన్న దాన్ని కుడి పక్కకు, మొద్దుగా పలికిన దాన్ని ఎడమ పక్కకు పెట్టించేవారు. ఇంక ఒప్పుకున్నట్టే కదా అని అత్త ధైర్యం చేసి అడిగితే ముఖం ముడుచుకున్నారు. మంచిగ చేయమన్నాను గానీ నా గుంటలో పెట్టమన్నానా, పోయి నీళ్ళ కుండల కింద పెట్టుకోండి అన్నారట.

అప్పటికి జ్యేష్ఠం వచ్చేసింది. నేను ఎంత ఈడ్చినా పడుగు చివరికి వస్తోంది, నేయాల్సింది మూరల్లోకి దిగింది. ఒక పొద్దున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, అత్తకు కూడా చెప్పకుండా, ఠంగుమనే ఇటుకలు ఆరు తీసుకెళ్ళి గుంటలో ఒక మూలన రెండు మెట్లుగా పేర్చాను. పేర్చి వెనక అర్రలోకి పారిపోయి రాట్నం ముందు కూర్చున్నాను. మామ గుంటలోకి చెప్పకుండా దిగిన కోడలు మా వాడలో అప్పటిదాకా లేదు. ఆయన వచ్చారు. ఇటుకల మీద పాదాలు ఆనిన చప్పుడు వినిపించింది. తర్వాత మగ్గం ఆడింది.

మధ్యాహ్నం అన్నం వేళకు అత్త ఎప్పటిలాగే ఆయన్ని పైకి లాగడానికి కొంగు దోపుకుని వెళ్ళి, మగ్గం దగ్గర ఆగిపోయింది. మామ గుంట బయట నిలబడి ఉన్నారు. మోకాళ్ళ మీద చేతులు వేసుకుని, ఆయాసపడుతూ, తనంతట తాను. మాఘం నుంచి ఆయన్ని ఒకరు పట్టకుండా పైకి రావడం అదే మొదటిసారి. అత్త కళ్ళు తుడుచుకుని అన్నం వడ్డించింది.

ఇంకో వారానికి పడుగు అయిపోయింది. నేసిన గుడ్డ కోసి, మడిచి, పక్కన పెట్టి, ఆయన గుంట అంచున కూర్చున్నారు. ఆ రోజు మా ఇంటాయనకు సెలవు. తండ్రి పిలుస్తాడేమో, తట్టెడు మట్టి పొయ్యమంటాడేమో అని భయపడి వాకిట్లోనే తచ్చాడుతున్నాడు. పిలవనే పిలిచారు. కొడుకును మిల్లు గురించి ఆయన అడగడం తలుపు చాటు నుంచి నేను ఆనాడే మొదటిసారి విన్నాను.

"మీ కాడ ఆ చిట్టెం ఇంక ఉన్నదారా?"

ఉందన్నాడు కొడుకు, గుట్టంత ఉందన్నాడు.

"అయితె తే. గుంట పూడుస్తన్న గద, అన్నంక పూడ్చాలె. మూరెడు పూడుద్దాం."

మేం ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆయన మాత్రం ఎంతో కష్టమైన తీర్పు చెప్పిన పెద్దమనిషిలాగా గంభీరంగా గడ్డం నిమురుకున్నారు. నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లోకి వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకున్నాను.

నాలుగు రోజులు పట్టింది. మా ఇంటాయన చిట్టెం మోశాడు, నేనూ అత్తా దాన్ని దిమ్మిస కొట్టి అణిచాం, మామ గుంజకు ఆనుకుని కూర్చుని ఏ ఇటుక ఎక్కడ పెట్టాలో కొడుకుకు చెప్పారు. అడుగున మూరెడు చిట్టెం, నాలుగు వైపులా ఇటుకల గోడ, నేలకు పైన ఇంకా రెండు వరసలు. మగ్గం కాళ్ళ కింద కూడా ఇటుకలు పెట్టి మూరెడు లేపాం. ఆయన కూర్చునే అంచు అరుగులాగా లేచింది కాబట్టి ఇక కిందికి కూలబడే పని లేదు, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. మెట్లను చిట్టెం మీదికి ఎత్తించినా, నేను పేర్చిన మూలనే ఉంచారు.

మిగిలిన ఇటుకలతో నాకు పిచ్చి పట్టింది. నీళ్ళ కుండలకు తిన్నె కట్టాను. పెరట్లో స్నానానికి తెర గోడ కట్టాను. పొయ్యి చుట్టూ గాలి ఆపే గోడ లేపాను. చూడడానికి వచ్చిన వాడ ఆడవాళ్ళు మా అచ్చు అడిగి పట్టుకుపోయేవారు, దాంతోపాటు గంజి ఇటుకల కథ కూడా పట్టుకుపోయి ఊరంతా చెప్పేవారు. ఆ గంజి ముక్కలను నేను పారేయలేదు. పెరట్లో గోడ వెంట పోగేసి, పైన పెంట మన్ను పోసి, బీర గింజలు నాలుగు గుచ్చాను. తొలకరికే అవి మొలిచి గోడ పట్టుకున్నాయి. ఆ ఏడు మేం తిన్నన్ని బీరకాయలు వాడలో ఎవరూ తినలేదు. పనికిరాకుండా పోయిందనుకున్న నా తప్పు కూరలోకి పనికొచ్చిందని అత్త అందరి ముందూ దెప్పేది.

ఆషాఢంలో ముసురు పట్టింది. మూడు రోజులు వదలకుండా కురిసింది. వాడంతా గుంటల్లో నీళ్ళు ఊరాయి, చుట్టుపక్కల ఒక్కో మగ్గం చప్పుడూ ఆగిపోయింది. నాలుగో పొద్దున మామ లేచి, పొడి గుడ్డ ఒకటి తీసుకుని, మెట్ల మీదుగా గుంటలోకి దిగారు. ఆ గుడ్డను చిట్టెం మీద పరిచి, రెండు అరిచేతులతో అదిమి, తీసి వెలుగులోకి పట్టుకుని చూశారు. తలుపు సందులోంచి నేనూ చూశాను. పొడిగా ఉంది. ఆయన ఆ గుడ్డను భుజాన వేసుకుని, అరుగంచున కూర్చుని, కొత్త పడుగును అరచేత్తో ఒకసారి నిమిరారు. తర్వాత నాడె పరిగెత్తింది. అంతా ఆగిపోయిన వాడలో ఆ ఒక్క మగ్గమే ఆడుతోంది, ఎక్కడా తడబడకుండా.

రెండు కండెలు అయిపోయాక చప్పుడు ఆగింది. గుంజకు చెబుతారని నేను రాట్నం ముందే ఉన్నాను. అత్త పెరట్లో బీర పాదు దగ్గర ఉంది. ఆయన గొంతు మాత్రం గుంజ వైపు పోలేదు. తలుపు వైపు తిరిగి, నాకే వినబడేటట్టు అన్నారు.

"కండెలు జల్ది చుట్టు బిడ్డా. ఇగ రాట్నానికి రోగాలు వద్దు."

ఆ పొద్దున పది కండెలు చుట్టాను.